పది నిమిషాల అంతరిక్షం: 8 ఎం.ఎం. సైన్స్ ఫిక్షన్ డైజెస్ట్ రీళ్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

డైజెస్ట్ రీలు అంటే ఏమిటి?

వీడియో క్యాసెట్ రాకముందు అమెరికాలో, యూరప్‌లో ఇంట్లో సినిమా చూడాలంటే చిన్న ప్రొజెక్టర్ కొనుక్కుని, దానికి సరిపోయే సన్న ఫిల్మ్ రీళ్లు తెచ్చుకోవాలి. గంటన్నర సినిమా మొత్తం కొనాలంటే చాలా ఖర్చు. అందుకని కంపెనీలు పెద్ద సినిమాను నాలుగు నిమిషాలకో, పది నిమిషాలకో, ఇరవై నిమిషాలకో కత్తిరించి, అట్ట డబ్బాలో పెట్టి అమ్మేవి. అదే డైజెస్ట్. కెమెరా షాపుల్లో, పెద్ద బజారు కొట్లలో, పోస్టులో దొరికేవి. ఎక్కువగా అమ్ముడైనవి కామెడీ, కార్టూన్, దయ్యాల సినిమాలు, ఇంకా మనం మాట్లాడుకుంటున్న సైన్స్ ఫిక్షన్.

తెలుగువాళ్లకు ఇది అర్థమయ్యేలా చెప్పాలంటే ఆకాశవాణిలో వచ్చిన సంక్షిప్త శబ్దచిత్రం గుర్తు చేసుకుంటే చాలు. అక్కడ బొమ్మ ఉండదు, మాటలూ పాటలూ మిగులుతాయి, కథ కుదించి వినిపిస్తారు. ఈ రీళ్లలో చాలావాటికి మాటలు ఉండవు, బొమ్మ మిగులుతుంది. చిన్నప్పుడు రేడియో ముందు కూర్చుని, చూడని సినిమాను మనసులో గీసుకున్నవాళ్లకు ఈ సరదా వెంటనే పట్టుకుంటుంది. నాకు అలాగే పట్టుకుంది.

పూర్తి సినిమా శుభ్రంగా దొరుకుతున్నప్పుడు ముక్క ఎందుకు సేకరించాలి?

అందరూ అడిగేది ఇదే. కాబట్టి దీనికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

డైజెస్ట్‌ను సినిమాలో ఒక ముక్క అనుకుంటే దాని విలువ తెలియదు. ఎడిటర్ ఒకరు బల్ల ముందు కూర్చుని, ఎనభై తొంభై నిమిషాల సినిమాలోంచి ఏది లేకపోయినా కథ నిలబడుతుందో, ఏది తీసేస్తే కూలిపోతుందో తేల్చుకుని మళ్లీ కట్టిన సినిమా అది. ఆ ఎడిటర్ పేరు డబ్బా మీద ఉండదు, రీలు మీదా ఉండదు. కానీ ఆ మనిషి ఎలా ఆలోచించాడో ప్రతి కోతలోనూ కనిపిస్తుంది.

1950ల సైన్స్ ఫిక్షన్ సినిమాలో మాటలు ఎక్కువ. శాస్త్రవేత్త ప్రయోగశాలలో నిలబడి వివరిస్తాడు, సైన్యాధికారి వింటాడు, హీరోయిన్ ఆశ్చర్యపోతుంది. మూకీ డైజెస్ట్ కోసం కోసే ఎడిటర్‌కు అదంతా పనికిరాదు. పది నిమిషాల వివరణను తెర మీద రెండు వాక్యాల అక్షరాల కార్డులో చెప్పేసి నేరుగా ఎగిరే పళ్లెం దిగే చోటికి తీసుకెళ్తాడు. సినిమా తీరే మారిపోతుంది. నిదానంగా నడిచే కథ పీడకలలా పరుగెత్తుతుంది.

ఒక్క ఉదాహరణ దగ్గరగా చూద్దాం. 1956లో కొలంబియా స్టూడియో వాళ్లు తీసిన ‘ఎర్త్ వర్సెస్ ద ఫ్లయింగ్ సాసర్స్’ సినిమాకు ట్రిక్ పనిచేసినవారు రే హ్యారీహౌసెన్. చివర్లో పళ్లేలు వాషింగ్టన్ నగరం మీద పడతాయి, రాతి కట్టడాలు కూలతాయి. మామూలుగా ఇలాంటి కూలుడును వేగంగా తిరిగే కెమెరాతో తీస్తారు. దానికి డబ్బు లేక, ఆయన రాతి ముక్కలను సన్నని తీగలకు వేలాడదీసి, ఒక్కో ఫ్రేముకు కొంచెం కొంచెం కిందికి జరుపుతూ తీశారు. కొలంబియా 8 ఎం.ఎం. రీలు నా దగ్గర ఉంది. దాన్ని ప్రొజెక్టర్‌లో వేయకుండా, చేత్తో తిప్పే చిన్న వ్యూయర్‌లో పెట్టి ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూశాను. గోరంత బొమ్మలో ముక్క గాల్లో ఆగి ఉంటుంది. చెయ్యి ఒక్క పిసరు తిప్పితే అది పిసరంత దిగుతుంది. హ్యారీహౌసెన్ చేతి కదలికను నా చేతితో మళ్లీ చేస్తున్నట్టు అనిపించింది. ఎంత మంచి డిస్క్ పెట్టినా ఈ దగ్గరితనం నాకు దొరకలేదు.

వీటిని ఎవరు తయారు చేశారు?

మొదట చెప్పుకోవలసింది కాజిల్ ఫిల్మ్స్. యూజీన్ కాజిల్ 1924లో మొదలుపెట్టిన కంపెనీ ఇది. ఇళ్ల కోసం రీళ్లు అమ్మడం 1937లో హిండెన్‌బర్గ్ విమాన నౌక కాలిపోయిన వార్తా చిత్రంతో మొదలైంది. 1947లో యూనివర్సల్ స్టూడియో చేతికి వెళ్లింది. దాంతో ఫ్రాంకెన్‌స్టైన్ దగ్గర్నుంచి నల్ల మడుగు జలమానవుడి దాకా యూనివర్సల్ భూతాలన్నీ కాజిల్ డబ్బాల్లోకి వచ్చేశాయి. 1977లో పేరు యూనివర్సల్ 8గా మారింది. వీడియో క్యాసెట్ గట్టిగా నిలదొక్కుకున్నాక 1980లలో మూతపడింది.

కెన్ ఫిల్మ్స్ న్యూజెర్సీ వాళ్లది. ట్వెంటియత్ సెంచరీ ఫాక్స్ బొమ్మలు వీళ్ల దగ్గర ఉండేవి: ‘ప్లానెట్ ఆఫ్ ద ఏప్స్’, ఆ తర్వాత ‘స్టార్ వార్స్’. ‘స్టార్ వార్స్’ వీడియో క్యాసెట్‌గా 1982లో గానీ రాలేదు. అంతకు ఏళ్ల ముందే ఆ సినిమాను ఇంటి గోడ మీద చూసిన పిల్లలు ఉన్నారంటే అది కెన్ రీలు పుణ్యమే. కొలంబియా తన సినిమాలను తానే అమ్ముకుంది. ఇంగ్లండ్‌లో వాల్టన్, డెరన్ పేర్లు వినిపిస్తాయి. డడ్లీ ఊళ్లోని డెరన్ అయితే మిగతావాళ్లంతా చేతులెత్తేశాక కూడా చాలా ఏళ్లు కొత్త ప్రింట్లు వేసింది.

పిల్లలకు వీటి సంగతి తెలియజెప్పింది మాత్రం పత్రికలు. 1958లో మొదలైన ‘ఫేమస్ మాన్‌స్టర్స్ ఆఫ్ ఫిల్మ్‌ల్యాండ్’ వెనక పేజీల్లో ఈ రీళ్ల ప్రకటనలు వరసగా ఉండేవి. ఇప్పుడు డెబ్బై దాటిన అమెరికన్ సేకరణకర్త ఎవరిని కదిపినా, జేబు డబ్బు దాచి ఆ కూపన్ కత్తిరించి పంపిన కథే చెబుతారు.

ఒకే సినిమాకు వేరే పేరు పెట్టి అమ్మేవారా?

అవును, కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. యూనివర్సల్ 1955లో తీసిన ‘దిస్ ఐలండ్ ఎర్త్’ కాజిల్ డబ్బాలో ‘వార్ ఆఫ్ ద ప్లానెట్స్’ అయింది. అబ్బాట్, కాస్టెల్లో జంట అంతరిక్షానికి వెళ్లే కామెడీ ‘రాకెట్ అండ్ రోల్’ అయింది. అసలు పేరుతో వెతికితే ఇవి కనపడవు. కాబట్టి అసలు పేరు, డబ్బా పేరు పక్కపక్కనే రాసుకున్న నోటు పుస్తకం ఒకటి దగ్గర పెట్టుకోండి.

నాకు ‘వార్ ఆఫ్ ద ప్లానెట్స్’ అంటే ప్రత్యేకమైన ఇష్టం. అసలు సినిమా టెక్నికలర్. నేను మొదట చూసిన కాజిల్ ప్రింటు నలుపు తెలుపు, మాటలు లేవు. రంగు తీసేయగానే మెటలూనా గ్రహం పాత పత్రికలోని సిరా బొమ్మలా గరుకుగా, చీకటిగా అయిపోయింది. మెదడు బయటికి కనిపించే మ్యూటెంట్ అనే ఆ వికృత జీవి రంగుల్లో కొంచెం బొమ్మలాగే ఉంటుంది. నలుపు తెలుపులో నిజంగా భయపెడుతుంది.

50, 200, 400 అడుగులు అంటే ఎంతసేపు?

సూపర్ 8 ఫిల్మ్‌లో అడుగుకు 72 ఫ్రేములు ఉంటాయి. సెకనుకు 18 ఫ్రేముల చొప్పున వేస్తే 200 అడుగులు 13 నిమిషాల 20 సెకన్లు నడుస్తుంది. 24 చొప్పున వేస్తే సరిగ్గా 10 నిమిషాలు. 50 అడుగులైతే 18 చొప్పున మూడు నిమిషాల పైచిలుకు, 400 అడుగులైతే 24 చొప్పున 20 నిమిషాలు. మూకీలు 18 దగ్గర, మాటలున్నవి చాలావరకు 24 దగ్గర వేస్తారు. కాజిల్ వాళ్లు పొట్టిదాన్ని హెడ్‌లైన్ అనీ, పొడుగుదాన్ని కంప్లీట్ అనీ పిలిచేవారు. కంప్లీట్ అని ఉంది కదా అని పూర్తి సినిమా అనుకోకండి, అది 200 అడుగుల లోపుదే. జర్మనీ డబ్బాల మీద మీటర్లు ఉంటాయి. 120 మీటర్లంటే మన 400 అడుగుల లెక్క.

నా అభిప్రాయంలో 200 అడుగులదే అందమైన కొలత. 50 అడుగుల్లో కథ పట్టదు, భూతం ఒకసారి కనిపించి వెళ్లిపోతుంది. 400 అడుగుల్లో మళ్లీ మాటలు చొరబడతాయి.

స్టాండర్డ్ 8, సూపర్ 8 తేడా ఎలా గుర్తుపట్టాలి?

కొడాక్ 1932లో తెచ్చింది స్టాండర్డ్ 8, 1965లో తెచ్చింది సూపర్ 8. రెండింటి వెడల్పూ 8 మిల్లీమీటర్లే, కానీ ఒకదాని ప్రొజెక్టర్‌లో మరొకటి నడవదు. స్టాండర్డ్ 8 అంచు రంధ్రాలు పెద్దవి, రెండు ఫ్రేముల మధ్య గీత దగ్గర ఉంటాయి. సూపర్ 8 రంధ్రాలు చిన్నవి, ఫ్రేము నడిమికి ఎదురుగా ఉంటాయి. చుట్ట మధ్య రంధ్రం చూసినా తెలుస్తుంది: స్టాండర్డ్‌కు చిన్నది, సూపర్‌కు పెద్దది. అయితే ఎవరో ఫిల్మ్‌ను వేరే చుట్టకు ఎక్కించి ఉండవచ్చు కాబట్టి చివరి మాట ఫిల్మ్ అంచుదే.

రంగు ప్రింట్లు గులాబీ రంగులోకి ఎందుకు మారతాయి?

‘ఈస్ట్‌మన్ కలర్’ అని మన పాత వాల్‌పోస్టర్ల మీద చదివినవాళ్లమే అందరం. ఈ రీళ్లలో చాలా వాటిదీ ఆ రకం ఫిల్మే. రంగు బొమ్మలో మూడు పొరల రంగులుంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ, చీకట్లో డబ్బాలో ఉన్నా సరే, వాటిలో ఆకాశనీలం పొర ముందుగా వెలిసిపోతుంది, పసుపు కూడా తగ్గుతుంది. మిగిలేది ఎరుపు గులాబీ. 1980ల మొదట్లో కొడాక్ తక్కువ వెలిసే ప్రింటు ఫిల్మ్ తెచ్చాక పరిస్థితి మారింది గానీ, అప్పటికే డైజెస్టుల కాలం ముగింపుకు వచ్చింది.

వెలిసిన రంగును ఫిల్మ్‌కు తిరిగి తేవడం కుదరదు. ఒకసారి ‘రంగు బాగుంది’ అన్న మాట నమ్మి ఒకరి దగ్గర ‘ప్లానెట్ ఆఫ్ ద ఏప్స్’ రీలు కొన్నాను. గోడ మీద వేస్తే ఎడారి, ఆకాశం, కోతుల ముఖాలు అన్నీ రూహ్ అఫ్జా సీసాలో ముంచి తీసినట్టు ఉన్నాయి. ఆ రోజు బాగా బాధపడ్డాను. అప్పట్నుంచీ అమ్మేవారిని ఒకే ఒక్క కోరిక కోరుతున్నాను: తెల్ల కాగితం మీద పరిచిన ఫిల్మ్ ఫొటో, పగటి వెలుగులో తీసింది, పంపమని. సినిమా మధ్యలోని ఆకాశం ఫ్రేములు అడగండి. ఆకాశం నీలంగా ఉంటే మిగతాదీ నిలిచినట్టే.

ఈ బెంగ అసలు వద్దనుకుంటే నలుపు తెలుపు కొనండి. వెండితో ఏర్పడే ఆ బొమ్మకు రంగుల్లా వెలిసిపోయే గుణం లేదు. 1950ల సినిమాలకు అందమూ అదే.

డబ్బా తెరిస్తే వెనిగర్ వాసన వస్తోంది. ఏం చేయాలి?

ముందు దాన్ని మిగతా రీళ్లకు దూరంగా పెట్టండి. ఇది తొందరపడాల్సిన విషయం.

ఈ ఫిల్మ్ ఎక్కువగా ఎసిటేట్ అనే ప్లాస్టిక్. తేమా వేడీ తగిలితే అది విడిపోతూ ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, వాసన దానిదే. ఒకసారి మొదలయ్యాక ఆ ఆమ్లమే పాడయ్యే వేగాన్ని పెంచుతుంది, పక్క రీళ్లకూ తగులుతుంది. ఫిల్మ్ కుంచించుకుపోతుంది, మెలిక తిరుగుతుంది, చివరికి పెళుసైపోతుంది. మాటల కోసం అంచున అయస్కాంత పట్టీ పూసిన రీళ్లలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది, ఎందుకంటే అందులోని ఇనుప ఆక్సైడ్ దానికి తోడవుతుంది. ఆపడం కుదరదు, నెమ్మది చేయవచ్చు. వాసన ఉండి ఇంకా నడిచే స్థితిలో ఉంటే ముందు స్కాన్ చేయించండి. ఎంత దూరం వచ్చిందో తెలుసుకోవడానికి రంగు మారే ఎ-డి పట్టీలు దొరుకుతాయి, అమెరికాలో రోచెస్టర్‌లోని ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లవి.

తర్వాతి కాలపు కొన్ని ప్రింట్లు పాలియెస్టర్. వాటికి ఈ జబ్బు లేదు. చుట్టను వెలుతురుకు ఎదురుగా పక్కనుంచి పట్టుకుని చూడండి. పాలియెస్టర్ అయితే చుట్టలోంచి వెలుతురు కొంత దాటి వస్తుంది, ఎసిటేట్ ముదురుగా కనిపిస్తుంది.

మచిలీపట్నం, కాకినాడ, విశాఖ లాంటి చోట్ల వీటిని దాచుకోవచ్చా?

దాచుకోవచ్చు, కానీ శ్రద్ధ కావాలి. కోస్తా గాలిలో తేమే పెద్ద శత్రువు. ఇంట్లో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉండే చోటు చూసుకోండి. తేమ చూపించే చిన్న మీటర్ ఒకటి కొని అల్మారాలో పెట్టండి. అటక మీద పెట్టకండి, వేసవిలో అది పొయ్యే. బాత్రూమ్ గోడకు ఆనుకున్న అల్మారా కూడా వద్దు. గాలి చొరబడని ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టేస్తే మంచిదని చాలామంది అనుకుంటారు. అప్పటికే ఆమ్లం పుట్టడం మొదలై ఉంటే అది లోపలే ఉండిపోయి ఇంకా చెడుపు చేస్తుంది. బూజుకు భయపడి నాఫ్తలీన్ ఉండలు వేయకండి. హైదరాబాద్‌లో తేమ కాస్త తక్కువ, కాబట్టి కొంచెం నిశ్చింత, వానాకాలం తప్ప.

ఏ ప్రొజెక్టర్ కొనాలి?

మాటలున్న సూపర్ 8 కోసమైతే ఎల్మో ఎస్.టి. 1200 అంటే చాలామందికి గురి. ఆస్ట్రియా యూమిగ్ యంత్రాలు కూడా మంచివే. మూకీలతో మొదలుపెట్టేవారికి స్టాండర్డ్ 8, సూపర్ 8 రెండూ వేసే డ్యూయల్ యంత్రం చాలు.

పేరు కంటే స్థితి ముఖ్యం. నలభై యాభై ఏళ్ల రబ్బరు బెల్టు బిగుసుకుపోయో, జిడ్డుగా కరిగిపోయో ఉంటుంది. కొత్త బెల్టు వేయకుండా మీ మంచి రీలు ఎక్కించకండి. మొదట పనికిరాని ఫిల్మ్ ముక్క ఒకటి నడిపి, గీతలు పడుతున్నాయేమో చూడండి.

అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన యంత్రమైతే ఒక చిక్కుంది. అది 110 వోల్టులది. మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే ఆ క్షణమే పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా అయిపోలేదు. అక్కడి కరెంటు 60 సైకిళ్లు, మనది 50. కరెంటు సైకిళ్లను బట్టి తిరిగే మోటారున్న యంత్రం ఇక్కడ ఆరింట అయిదు వంతుల వేగంతోనే నడుస్తుంది. మూకీకి ఫర్వాలేదు. మాటలున్న రీలు వేస్తే అంతరిక్ష యాత్రికుడి గొంతు బావిలోంచి వచ్చినట్టు బొంగురుగా వస్తుంది. కొనేముందు మోటారు రకం కనుక్కోండి.

ఫిల్మ్ తెగిపోయింది. అతికించడం ఎలా?

చిన్న టేపు స్ప్లైసర్ కొనుక్కోండి, నేర్చుకోవడానికి పావుగంట పట్టదు. రసాయన జిగురు ఎసిటేట్‌ను పట్టుకుంటుంది, పాలియెస్టర్‌ను పట్టుకోదు. టేపు రెండింటికీ పనికొస్తుంది. ఇంట్లో వాడే సెల్లోటేపు మాత్రం వద్దు, దాని జిగురు కొన్నాళ్లకు కారి పక్క చుట్టలకు అంటుకుంటుంది. దుమ్ము తుడవడానికి నూలు రాలని మెత్తని గుడ్డ, ఫిల్మ్ కోసమే అమ్మే క్లీనర్ వాడండి. నీళ్లు తగలనివ్వకండి, బొమ్మ ఉండే పొర ఉబ్బుతుంది.

మొదట ఏవి కొనమంటారు?

మూడు చెబుతాను. ‘క్రీచర్ ఫ్రమ్ ద బ్లాక్ లగూన్’, అంటే నల్ల మడుగు జలమానవుడి సినిమా, కాజిల్ మూకీ: నీటి లోపలి దృశ్యాలకు మాటలతో పనేలేదు, నలుపు తెలుపుకే పుట్టిన సినిమా. దీనికి ఎరుపు, నీలి కళ్లద్దాలతో చూసే త్రీడీ డైజెస్టు కూడా ఉంది, దొరికితే వదలకండి. రెండోది పైన చెప్పిన పళ్లేల రీలు. మూడోది ‘టరాంట్యులా’. ఇల్లంత సాలెపురుగు కొండ దిగి వస్తుంటే ఎవరి భాషైనా ఒకటే.

‘స్టార్ వార్స్’ రీలుతో మొదలుపెట్టవద్దనే చెబుతాను. లక్షలమంది అభిమానులు దాని వెనకపడతారు, ధర రీలును బట్టి కాక పేరును బట్టి పలుకుతుంది.

డబ్బా లేకపోతే రీలుకు విలువ ఉండదా?

బొమ్మకు ఏ నష్టమూ లేదు. కానీ డబ్బా మీది బొమ్మ కూడా ఈ చరిత్రలో భాగమే. డబ్బా చిరిగితే టేపు అంటించకండి, అలాగే ఉంచి ఆమ్లం లేని కాగితంలో చుట్టండి. రీలును మాత్రం వేరే ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చండి, పాత అట్ట తేమను పీలుస్తుంది.

రీలు నాది కాబట్టి స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టవచ్చా?

రీలు మీది, సినిమా మీది కాదు. 1950ల స్టూడియో సినిమాల్లో చాలావాటికి అమెరికాలో ఇంకా హక్కులు ఉన్నాయి. మీ కోసం స్కాన్ చేయించుకుని దాచుకోవడం వేరు, లోకానికి పెట్టడం వేరు. స్కాన్ చేయించేటప్పుడు ఫ్రేము ఫ్రేముగా తీసే యంత్రం ఉన్నచోటికే వెళ్లండి. గోడ మీద వేసి ఫోన్‌తో తీస్తే మిణుకు మిణుకుమంటుంది. గీతలు చెరపమని, రంగు దిద్దమని చెప్పే ముందు, ఏమీ మార్చని కాపీ ఒకటి తప్పకుండా తీసుకోండి. కోతలు, అక్షరాల కార్డులు, అతుకుల చోటు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉండాలి. ఆ పేరు లేని ఎడిటర్ పని అక్కడే ఉంది.

ఇంట్లో పిల్లలకు, పెద్దలకు ఎలా చూపించాలి?

తెర అక్కర్లేదు, తెల్ల గోడ చాలు. గది బాగా చీకటి చేయండి, ఎందుకంటే ఈ దీపాల వెలుగు మనం అలవాటుపడినదాని కంటే తక్కువ. ప్రొజెక్టర్ చప్పుడు చేస్తుంది, ఫ్యాన్ ఆపనక్కర్లేదు. మూకీ రీలులో అక్షరాల కార్డు వచ్చినప్పుడల్లా నేను తెలుగులో చదివి చెబుతాను. మా అమ్మ మొదటిసారి చూసినప్పుడు, నేను చదివేలోపే జలమానవుడి తరఫున మాట్లాడటం మొదలుపెట్టింది: ‘నా చెరువులోకి మీరెందుకు వచ్చారురా’ అని. ఇప్పుడు ఆ రీలు వేసినప్పుడల్లా పిల్లలు నన్ను చదవనివ్వరు, నానమ్మనే చెప్పమంటారు.

బొమ్మ అయిపోగానే దీపం ఆర్పండి గానీ ప్రొజెక్టర్‌లోని గాలిపంకా రెండు నిమిషాలు తిరగనివ్వండి. దీపం చల్లారాకే యంత్రం కదపండి.